విశాలాక్షి గారి చింతచెట్టు

కొవ్వూరి బసివిరెడ్డి గారు కడియం దగ్గర తన నర్సరీలో ఆదివారం పూట బోన్సాయ్ పెంపకం నేర్పేవారు. ఆయనకొక అలవాటు ఉండేది. కొమ్మ ఎక్కడ కొయ్యాలో చేత్తో చూపించేవారు, తీగ ఎలా చుట్టాలో చూపించేవారు. ఎంత, ఎన్ని, ఎన్నాళ్ళకి అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కాదు.

ఆయన దగ్గర నేర్చుకునే మా ఆరుగురిలో దీన్ని సహించలేకపోయింది మృణాళిని గారు. ఆవిడ రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. అప్పటికే ఆవిడ చేతిలో రెండు జువ్వి మొక్కలు, ఒక బోగన్‌విల్లా పోయాయి. ఆగస్టు నెలలో ఒక ఆదివారం ఆవిడ సూటిగా అడిగేశారు.

"మాస్టారూ, వంట నేర్పేవాళ్ళయినా ఉప్పెంతో చెబుతారు. కుండీకి నీళ్ళు రోజుకెన్నిసార్లు పొయ్యాలో మీరెందుకు చెప్పరు?"

రెడ్డి గారు కత్తెర తుడుచుకుంటూ ఏదో అనబోయేంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి డెబ్బయ్యేళ్ళ మనిషి ఒక కుండీని రెండు చేతులా పొదివి పట్టుకుని దిగాడు. తెల్లచొక్కా మీద మట్టి మరకలున్నాయి. పైన తుంపర పడుతుంటే తన తలకి అడ్డం పెట్టుకోకుండా గొడుగు కుండీ మీదకి వంచమని ఆటో అతనికి చెబుతున్నాడు.

ఆయన పేరు ధన్వాడ సోమయాజులు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పళ్ళెమంత లోతున్న ఆ కుండీలో మూరెడు ఎత్తు చింతచెట్టు ఉంది. మొదలు మణికట్టంత లావు. బెరడు పెద్దచెట్టు బెరడులాగే పగుళ్ళిచ్చి ఉంది. ఆకు మాత్రం పది రెమ్మలకి మించి లేదు. ఉన్నది కూడా పసుపుపచ్చగా వేలాడుతోంది.

"ఇది మా ఆవిడ చెట్టండి," అన్నారు సోమయాజులు గారు. "పులుసుకి చింతపండు పిసుకుతుంటే వచ్చిన గింజ పెట్టింది. తుని, సామర్లకోట, నిడదవోలు, ఎక్కడికి బదిలీ అయినా ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది. ముప్ఫయ్యేళ్ళు దాటింది."

జూన్ నెలలో ఆయన భార్య విశాలాక్షి గారు స్నానాలగదిలో జారిపడ్డారట. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. నడక వచ్చేదాకా అక్కడే చెల్లెలి ఇంట్లో ఉండమన్నారు. మంచం మీంచి ఆవిడ భర్తని కోరింది ఒక్కటే, చెట్టు చూసుకోండి అని. అందుకని ఆయన రాజమండ్రిలో ఉండిపోయి, శనివారం శనివారం పొద్దున్న రైలెక్కి వెళ్ళి చూసి రాత్రికి వచ్చేస్తున్నారు.

"ఒక్కరోజు కూడా తప్పలేదండి. పొద్దున్న ఆరున్నరకి గ్లాసుడు నీళ్ళు. మా ఆవిడ పోసే టైముకే పోశాను. జూలైలో ఆకు వాలిపోతుంటే దాహమేమోనని సాయంత్రం ఇంకో గ్లాసు కలిపాను. అయినా రాలిపోతోంది."

రెడ్డి గారు వంగి కుండీ అంచు దగ్గర వాసన చూశారు. తర్వాత బొటనవేలి గోరుతో కొమ్మల మీద ఒక్కొక్కచోట సన్నగా గీరారు. పై కొమ్మ మీద గోధుమరంగు వచ్చింది. ఎడమ పక్క కొమ్మ మీదా అంతే. మొదలు దగ్గర గీరితే మాత్రం పల్చటి ఆకుపచ్చ కనిపించింది.

"ప్రాణం ఉంది. ఎంతుందో చెప్పలేను," అన్నారు.

సోమయాజులు గారు చుట్టూ చూశారు. నర్సరీలో ఒక బల్ల మీద చింత బోన్సాయ్‌లు వరసగా ఉన్నాయి. ఆయన గొంతు తగ్గించి అడిగారు. "ఇంకో ఆరువారాల్లో మా ఆవిడ వచ్చేస్తుందండి. ఫోన్లో అడిగినప్పుడల్లా బాగానే ఉందని చెబుతూ వచ్చాను. ఆ మూడోది చూడండి, అచ్చం దీనిలాగే ఉంది. దాన్ని ఈ కుండీలోకి మార్చి ఇస్తారా?"

మాకందరికీ ఇబ్బందిగా అనిపించింది. రెడ్డి గారు మాత్రం కోప్పడలేదు.

"ఇస్తాను. దానికి కూడా నీళ్ళు పోసేది మీరేగా?"

సోమయాజులు గారు ఆ మూడోదాని వైపు ఇంకోసారి చూసి, తన కుండీని దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, "అయితే దీన్నే చూడండి," అన్నారు.

అప్పుడే చెట్టుని కుండీలోంచి తీశారు. మట్టి జిగురులా పట్టుకుని ఉంది, కుళ్ళిన వాసన వేసింది. కుండీ అడుగున చిల్లులు మట్టితో పూడుకుపోయాయి. నీరు దిగే దారి లేదు. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే తోలు ఊడి వస్తోంది. రెడ్డి గారు కత్తెరని నిప్పు మీద కాల్చి, నల్లటి వేరునల్లా తెలుపు కనిపించేదాకా కోసుకుంటూ వెళ్ళారు. మూడు వంతుల వేళ్ళు నేలమీద పడ్డాయి. చివరికి పిడికెడు మిగిలాయి.

"ఇన్ని వేళ్ళే ఉన్నప్పుడు అన్ని కొమ్మలకి తిండి పెట్టలేవు," అని పచ్చగా ఉన్న కొమ్మల చివరలు కూడా కురచ చేశారు. ఎండిన రెండు కొమ్మల్నీ కొయ్యలేదు. చెట్టు వయసు కనపడాలని, బెరడు ఒలిచి తెల్లటి కర్రని అలాగే ఉంచేశారు.

చిల్లుల మీద జాలీ ముక్కలు పరిచి, గోదావరి ముతక ఇసుక, శనగగింజంత ఇటుక ముక్కలు, జల్లెడ పట్టిన ఎర్రమట్టి కలిపి పోశారు. దుమ్ములాంటి మెత్తటి మట్టి ఒక్క చెంచా కూడా పడనివ్వలేదు. చెట్టు ఊగితే కొత్త వేళ్ళు తెగుతాయని చిల్లులోంచి తీగ తెచ్చి మొదలుకి కట్టారు. అడుగునుంచి తేటనీరు కారేదాకా ఒక్కసారి తడిపి, వాన పడని గాలి తగిలే నీడలో బల్ల మీద పెట్టారు. మృణాళిని గారు ఎరువు ఎంత వెయ్యాలని అడిగితే, కొత్త ఆకు ముదిరేదాకా ఎరువు మాటే ఎత్తవద్దన్నారు.

సోమయాజులు గారికి ఒక చీపురుపుల్ల ఇచ్చారు. "రోజూ రండి. దీన్ని మట్టిలో లోపలిదాకా గుచ్చి తియ్యండి. పుల్ల తడిగా వస్తే వెళ్ళిపోండి. పొడిగా వస్తే నన్ను పిలవండి. మృణాళిని గారు మీకు తోడుంటారు." కాలేజీకి వెళ్ళేముందు ఆవిడకిది అదనపు పని. అయినా ఒప్పుకున్నారు.

సోమయాజులు గారు రోజూ ఏడింటికి బస్సు దిగేవారు. పుల్ల తడిగానే వచ్చేది. రెండోరోజు తడి, మూడోరోజు తడి. నాలుగోరోజుకి మిగిలిన ఆకు కూడా రాలిపోయింది. కుండీలో కర్ర ఒక్కటే మిగిలింది.

ఐదోరోజు మృణాళిని గారు వచ్చేసరికి ఆయన గ్లాసుతో నీళ్ళు పట్టుకుని చెట్టు దగ్గర నిలబడి ఉన్నారు. పోయలేదు.

"పుల్ల తడిగానే ఉందమ్మా. నాకు తెలుసు," అన్నారు. "కానీ ఏమీ చెయ్యకుండా ఎలా వెళ్ళను? అక్కడ విశాఖలో నేను చెయ్యగలిగింది లేదు. అన్నీ వాళ్ళ చెల్లెలే చూస్తోంది. కుర్చీలో కూర్చుని వస్తాను. ఇక్కడ కూడా పుల్ల చూసి వెళ్ళిపోవడమేనా?"

 ఇంట్లో పోయిన తన జువ్వి మొక్కలు అప్పుడు గుర్తొచ్చాయని, ఆ మొక్కలకి ఆకు రాలినప్పుడల్లా తాను కూడా గ్లాసు పట్టుకునే పరిగెత్తానని మృణాళిని గారు తర్వాత మాతో అన్నారు. ఆవిడ వెళ్ళి రెడ్డి గారిని పిలుచుకొచ్చారు. ఆయన వచ్చి గ్లాసు అందుకుని పక్కనున్న మందారం మొదట్లో పోశారు.

"చేతులు ఊరుకోకపోతే ఆ ఇసుక జల్లించండి, గార్డు గారూ. నాకు పనికొస్తుంది."

ఆ రోజునుంచి సోమయాజులు గారు పుల్ల చూసి, గంటసేపు ఇసుక జల్లించి వెళ్ళేవారు. తొమ్మిదోరోజున పుల్ల పొడిగా వచ్చింది. రెడ్డి గారిని పిలిస్తే, కుండీ ఒకసారి ఎత్తి చూడమన్నారు. ఎత్తారు. తేలికగా ఉంది. అప్పుడు తడపమన్నారు. తడిపాక మళ్ళీ ఎత్తమన్నారు. ఆ రెండు బరువులూ చేతికి గుర్తుంచుకోమన్నారు. తర్వాత మళ్ళీ నాలుగు రోజులకి తడిపారు, ఉక్కగా ఎండ కాసిన వారంలో రెండురోజులకోసారి, ముసురు పట్టిన వారంలో అసలే లేదు. మృణాళిని గారు ఆ తేదీల్లో ఏదైనా వరస దొరుకుతుందేమోనని చూశారు. దొరకలేదు.

పుల్ల మొదటిసారి పొడిగా వచ్చిన వారం, శనివారంనాడు విశాఖలో సోమయాజులు గారు భార్యకి నిజం చెప్పేశారు. చెట్టుకి ఒక్క ఆకు లేదని, బహుశా పోతుందని, తనవల్లే జరిగిందని చెప్పారు.  విశాలాక్షి గారు అడిగారట, "తెల్లవేళ్ళు ఏమైనా మిగిలాయా?" పిడికెడు మిగిలాయని చెప్పారు. "అయితే ఉండనివ్వండి," అన్నారట ఆవిడ. ఇది మాకు చెప్పేటప్పుడు ఆయన ముఖం ఎన్నో రోజుల తర్వాత తేటగా ఉంది.

ఇరవైమూడో రోజు పొద్దున్న మృణాళిని గారే మొదట చూశారు. కొమ్మల మీద కాదు, ముదురు బెరడు పగుల్లోంచి ఆవగింజంత ఎర్రటి మొగ్గ ఒకటి. దాని కింద ఇంకొకటి. సోమయాజులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.  పుల్ల గుచ్చి తీశారు. తడిగా ఉంది. వెళ్ళి ఇసుక జల్లించుకున్నారు.

సెప్టెంబరు చివర్లో విశాలాక్షి గారు వాకర్ పట్టుకుని ఇంటికొచ్చారు. మరుసటి ఆదివారం రెడ్డి గారు, మృణాళిని గారు, నేను కలిసి చెట్టుని వాళ్ళింటికి తీసుకెళ్ళాం. సగం చెట్టు పోయింది. పైకొమ్మ తెల్లటి ఎముకలా నిలబడి ఉంది. మొదలు చుట్టూ మాత్రం లేత చింతాకు గుత్తులుగా వచ్చింది.

వరండాలో స్టూలు మీద పెట్టాం. విశాలాక్షి గారు కుర్చీలో కూర్చుని చెట్టుని చుట్టూ తిప్పించుకుని చూశారు. పోయిన కొమ్మల గురించి ఎవర్నీ అడగలేదు. మధ్యవేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దించి, తీసి, చీరచెంగుకి తుడుచుకున్నారు.

సోమయాజులు గారు అప్పటికే గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. చెట్టు రాగానే ఆవిడ చేత్తోనే పోయించాలని ఆయన ముచ్చట.

"ఇవాళ వద్దండి," అన్నారావిడ.

"రోజూ పోసేదానివిగా, పొద్దున్న ఆరున్నరకి?"

"రోజూ చూసేదాన్ని. కావాలంటే పోసేదాన్ని."

"కుళాయి చప్పుడు, గ్లాసు చప్పుడు రోజూ వినేవాణ్ణి కదా, పేపరు చదువుకుంటూ?"

ఆవిడ వరండా పక్కకి చెయ్యి చూపించారు. "అక్కడ మల్లె ఉంది, కరివేపాకు ఉంది, గోరింట ఉంది. వాటిక్కూడా నేనేగా పోసేది."

 ఆవిడ చెయ్యి చాచి ఆయన చేతిలోని గ్లాసు అందుకుని, ఆ నీళ్ళు తానే తాగేశారు. తర్వాత మాకు కాఫీ పెట్టమని ఆయనకి పురమాయించారు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కి కడియం వైపు బయల్దేరాం. దారిలో వేమగిరి దాటాక మృణాళిని గారు అన్నారు, "ముప్ఫయ్యేళ్ళు, మాస్టారూ. ఒకే కప్పు కింద. పది అడుగుల దూరంలో. ఆవిడ చేసేదేమిటో ఒక్కసారయినా ఆయనకి తెలియకుండా ఎలా ఉంది?"

రెడ్డి గారు రోడ్డు పక్క నర్సరీల్లో తడుస్తున్న మొక్కల వైపు చూస్తున్నారు.

"పొయ్యకపోవడానికి చప్పుడుండదు కదమ్మా," అన్నారు.