దొర కంప్యూటర్‌కి దిష్టిబొమ్మ

ఏనుగులూ కంప్యూటర్లూ కలిసి బతికిన కాలంలో, గాజులమ్మే నూకాలు దగ్గర ఓ డొక్కు కంప్యూటర్ ఉండేది. ఆటలో అడవి రాగానే అది కొయ్యబారిపోయేది. కొత్త గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు కొనే స్తోమత ఆమెకు లేదు. ఎదురింటి దొర మాత్రం కొత్తవి బిగించినప్పుడల్లా పాతవి అటకెక్కించేవాడే తప్ప, ఒకరికి ఇచ్చి ఎరగడు.

ఓనాడు దొర తన కొత్త కంప్యూటర్ చూడమని ఊరందరినీ పిలిచాడు. తెరమీద వాన కురుస్తుంటే, తడిసిపోతామేమోనని ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. నూకాలు ముందుకొచ్చి దొరతో అంది:

"ఎంత వైభోగం దొరా! ఇన్ని కళ్లు పడితే దిష్టి తగలదూ? కొత్త మేడకైనా దిష్టిబొమ్మ కడతామే! తమరి పాత కార్డు, ప్రాసెసరు నా డొక్కుదానికి బిగించి ఇప్పించండి. మా అరుగుమీద పెడతాను. దిష్టంతా అదే లాగేసుకుంటుంది."

దిష్టి మాట వినగానే దొర పాతవి అటక మీంచి దింపించాడు. ఆ పూటే బిగించి ఇప్పించాడు.

నూకాలు అరుగుమీద అడవి కదిలింది. ఆకు ఆకు మీదా మంచుబొట్టు మెరిసింది. ఊరంతా అక్కడే నోళ్లు వెళ్లబెట్టి కూర్చుంది.

దొర రుసరుసలాడుతూ వచ్చాడు. "నా కంప్యూటర్ మొహం చూసే దిక్కు లేదు! అందరి కళ్లూ దీనిమీదే!"

నూకాలు భక్తిగా చేతులు జోడించింది.

"చూశారా దొరా, దిష్టిబొమ్మ ఎంత బాగా పనిచేస్తోందో!"