రాజుగారి వాటా ఉప్పు

ఒకానొక రాజ్యంలో, ఆ రాజ్యం పేరు మరిచిపోయాను గానీ రాజుగారి పేరు మరిచిపోయేది కాదు, ఉద్దండవర్మ అనే మహారాజు ఉండేవాడు. మనసు వెన్న, నోరు మాత్రం నగారా. సభలోకి ఆయనకన్నా ముందు ఆయన పొట్ట వచ్చేది. అదీ రాజసమేనని ఆయన నమ్మకం.

ఒకనాడు సింహాసనం మీంచి లేవబోయి, కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఆస్థాన వైద్యులు నారసింహాచార్యులు నాడి చూసి దిగులుపడ్డారు.

"ప్రభూ, రక్తం పోటెత్తుతోంది. ఒళ్ళు తగ్గాలి. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, నేనిచ్చే కషాయం మానకండి. అంతా నెమ్మదిగా జరగాలి."

"నెమ్మదిగానా! ఉద్దండవర్మ ఏ పనైనా నెమ్మదిగా చేశాడా? దసరాకల్లా సగమైపోతాను, చూడండి! ఇకమీదట నా సభలో 'నెమ్మది' అన్నవాణ్ణి దేశం దాటిస్తాను!"

మర్నాటి నుంచి పొట్ట మీద దండయాత్ర మొదలైంది. అన్నం మానేశాడు. ఎండలో ఇనుప గద తిప్పాడు. ఆకలేస్తే మజ్జిగ. మజ్జిగలోకి ఊరమిరపకాయలు, నోరు చప్పబడితే అప్పడాలు, మాగాయ ముక్కలు. "అన్నం మెతుకు ముట్టలేదు!" అని మీసం తిప్పేవాడు. గద దించగానే మళ్ళీ కళ్ళు బైర్లు కమ్మేవి.

ఆచార్యులు విదూషకుడైన కొండుభట్టును పక్కకు పిలిచారు.

"భట్టూ, ఇలాగే సాగితే ప్రభువు దసరా చూడరు. నేను నోరు విప్పితే దేశం దాటాలి. వైద్యుడు కూడా లేకపోతే ఆయన గతేమిటయ్యా?"

భట్టు ఆ రాత్రంతా ఆలోచించాడు. భట్టు తల్లి పోయిననాడు కిరీటం తీసి పక్కన పెట్టి, భట్టు ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చిన రాజు ఈయన. అలాంటి మనిషిని ఊరమిరపకాయకు వదిలెయ్యడం ఎలా?

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, సెలవిప్పించండి. కొలువు మానేస్తున్నాను."

"నా ఉప్పు తిని నన్నే వదిలిపోతావా?"

"తిన్నానని ఎవరన్నారు ప్రభూ? కోటలో ఉప్పంతా తమ పళ్ళెంలోకే పోతోంది. మాకు మిగిలితేగా తినడానికి!"

రాజుకు రోషం పొడుచుకొచ్చింది. "ఉద్దండవర్మ కొలువులో ఉప్పుకు లోటా? కోరుకో, ఎంత కావాలో!"

"రోజూ తమ వాటా ఉప్పు నాకు దానం చెయ్యండి. కూరలో చిటికెడు ఉంచి, ఊరగాయలోదీ అప్పడంలోదీ కూడా కలుపుకుని."

"ఇచ్చాం!"

ఇచ్చాక తెలిసింది తిరకాసు. ఉప్పు చేతి నుంచి చేతికి ఇస్తే తగువులొస్తాయని మనవాళ్ళ పట్టింపు కదా. కాబట్టి రాజుగారు గిన్నెను సేవకుడికి అందించకూడదు. పోనీ మధ్యలో కింద పెడదామంటే, పెట్టిన చోటే దానం అయిపోతుందన్నాడు భట్టు. పల్లకీలో కూర్చుని దానం చేస్తే ఫలం బోయీలకు పోతుందని కూడా అన్నాడు. ఈ చివరిది ఏ శాస్త్రంలో ఉందో భట్టుకే తెలియాలి.

భట్టు ఇల్లు చూస్తే కోటకు ఆ చివర.

అంచుదాకా నింపిన గిన్నె పట్టుకుని మహారాజు బయల్దేరాడు. మొదట వీరుడిలా విసవిసా నడిచాడు, ఉప్పు ఒలకబోయింది. వెనక భటులు తోసుకొస్తుంటే గర్జించాడు:

"నెమ్మదిగా రండర్రా! ఉప్పు ఒలుకుతుంది!"

పక్కనే నడుస్తున్న భట్టు దణ్ణం పెట్టాడు. "ప్రభూ, ఆ మాట తమరే అన్నారు. దేశం దాటేది తమరా, మేమా?"

రాజు నాలిక కరుచుకున్నాడు. గిన్నె చూసుకుంటూ మెల్లగా నడిచాడు.

అరుగు మీద గిన్నె దించేసరికి భట్టు భార్య సోమిదేవమ్మ విస్తరి వేసింది. దానమిచ్చినవారు ఖాళీ కడుపుతో వెళ్ళడం ఇంటికి అరిష్టమట. జొన్నరొట్టె, ఆనపకాయ పప్పు, నిమ్మరసం పిండిన బీరకాయ కూర. రాజు ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"ఇందులో ఉప్పేదమ్మా?"

"తమరు తెచ్చింది దేవుడి దగ్గర పెట్టాం మహారాజా. దాన్ని కూరలో వెయ్యడానికి చేతులు రాలేదు."

రాజు ఆ చప్పటి కూరే తిన్నాడు. అలా రోజూ నడిచాడు, రోజూ తిన్నాడు. ఎండలో గద పక్కన పడింది. ఆచార్యుల కషాయం కూడా సోమిదేవమ్మ చేతి మీదుగా కడుపులోకి పోతూనే ఉంది. కొన్నాళ్ళకు ఆ పప్పే కమ్మగా ఉందన్నాడు.

దసరా వచ్చింది. రాజుగారు సగం కాలేదు. నడుంపట్టీ మాత్రం వదులైంది. నాడి చూసిన ఆచార్యుల మొహం వెలిగిపోయింది.

"పోటు దిగింది ప్రభూ! కషాయం మానకండి, నడక ఆపకండి."

రాజు పొంగిపోయి భట్టు ఇంటికి వెళ్ళాడు. దేవుడి గది నిండా ఉప్పు. ఒక గుప్పెడు తీసి చూసుకున్నాడు.

"ఇదంతా నా ఒంట్లోకి పోవలసిందే కదూ? మరి నా ఉప్పు తినాలని కోరినవాడివి, ఒక్క రవ్వ ముట్టలేదేం?"

"మీ ఉప్పు తినాలంటే ముందు మీరుండాలి కదా ప్రభూ!" అన్నాడు భట్టు.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. అది కనబడకుండా పెద్దగా నవ్వి, తనకిక అక్కరలేదంటూ తన బంగారు పల్లకీని భట్టుకు బహుమానంగా ఇచ్చేశాడు.

"పల్లకీ మహాప్రసాదం ప్రభూ. ఎక్కడం మాత్రం కుదరదు."

"ఏం?"

"నాకూ పోటే! ఆచార్యులవారు నాకు ఉప్పు మాన్పించి, రోజూ నడవమని మూడేళ్ళయింది."

మహారాజు పగలబడి నవ్వాడు. ఆనాటి నుంచి సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ ఖాళీ చేతులు ఊపుకుంటూ కోట చుట్టూ నడిచేవారు. వెనకాల బోయీలు ఖాళీ పల్లకీ మోసుకుంటూ వచ్చేవారు.