పీత పెంకు ముందు

ఏ మంత్రం చదవాలో ర్యోజున్‌కి తెలియడం లేదు.

జపాన్ తీరంలో ఒక బెస్తపల్లె, దాని పైన కొండ మీద చిన్న బౌద్ధ మఠం. అక్కడ కైగన్ అనే ముసలి గురువు దగ్గర అతను శిష్యుడు. ఆ చలికాలం అతని అన్న పీతల వేటకు వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. వదిన మఠానికి వచ్చి, ఆయన కోసం ఏదైనా చదవమని అడిగింది.

పోయినవాళ్లకు చదివే మంత్రం ఒకటి, దూరాన ఉన్నవాళ్ల క్షేమానికి చదివేది ఇంకొకటి. మొదటిది అందుకోబోతే అన్నను తన నోటితోనే చంపుతున్నట్టుండేది. రెండోది అందుకోబోతే వదినకు లేనిపోని ఆశ పెడుతున్నట్టుండేది. రోజూ దీపం ముందు కూర్చోవడం, పెదవి కదపకుండానే లేచి రావడం.

చివరికి గురువుకు చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కైగన్ తోకుజో అనే బెస్తవాడి పడవ ఎక్కి, శిష్యుణ్ణీ ఎక్కమన్నాడు. అతను ర్యోజున్ అన్నతో కలిసి వేటాడినవాడే.

పొడుగుకాళ్ల పీతలు వెలుగు చేరని లోతులో తిరుగుతాయి. వసంతంలో జతకట్టడానికి పైనీళ్లకు వస్తాయి కానీ అప్పుడు వాటిని పట్టరు. మిగతా రోజుల్లో వల అడుగుదాకా దించాల్సిందే.

వల పైకొచ్చింది. కడుపు కింద గుడ్లు మోస్తున్న ఆడపీతను తోకుజో మెల్లగా నీళ్లలోకి వదిలాడు. మిగతావి చెక్కల మీద బద్ధకంగా కాళ్లు కదుపుతున్నాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. దాని కాళ్లు చాపితే ఇద్దరు మనుషుల పొడవు. వీపంతా నాచు. కళ్లు తెరిచే ఉన్నాయి.

ర్యోజున్‌కి ఏమైందో, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని పోయినవాళ్ల మంత్రం అందుకున్నాడు. ఇన్నాళ్లూ రాని గొంతు ఇప్పుడు ఆగకుండా వచ్చింది. చెంపలు తడిశాయి.

తోకుజో కాసేపు తలవంచుకుని నిలబడ్డాడు. ఇక ఉండబట్టలేక మెల్లగా అన్నాడు. "స్వామీ, అది చచ్చిన పీత కాదు."

వెనకవైపు పెంకు ఎత్తి చూపించాడు. అక్కడ చీలిక ఉంది. లోపల ఏమీ లేదు. పెంకు ఇరుకైనప్పుడు పీత వెనకనుంచి చీల్చుకుని, ఒక్కో కాలూ లాక్కుంటూ బయటికి వచ్చేస్తుందని, కంటి మీది పొరతో సహా పాత పెంకునంతా అలాగే వదిలేసి పోతుందని చెప్పాడు.

మంత్రం సగంలో తెగిపోయింది.

"అయితే అది బతికే ఉందా?"

తోకుజో నీళ్లవైపు చూశాడు. "చెప్పలేం స్వామీ. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది. కొన్ని బతికి బయటపడతాయి. కొన్నిటిని చేపలు తినేస్తాయి."

ర్యోజున్ ఆ పెంకునీ నీళ్లనీ మార్చి మార్చి చూశాడు. తను ఏం చేశాడో తనకే అర్థం కాలేదు.

"గురువుగారూ, మరి నేను చదివింది ఎవరికి?"

కైగన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. శిష్యుడు ఆపిన మాట దగ్గరే మంత్రం అందుకుని, నింపాదిగా ఒక పాదం చదివాడు. తర్వాత ఆగాడు.

"తర్వాతి మాట గుర్తు రావడం లేదు. నువ్వు అందుకో."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ మంత్రం చదువుతున్న మనిషి. ర్యోజున్ ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని అందుకున్నాడు.

పడవ తీరానికి వచ్చేసరికి రేవులో వదిన నిలబడి ఉంది. ర్యోజున్ గొంతు ఇంకా ఆగలేదు.