ఓబుళేసు పరిచయం

మొదట్లో ఓబుళేసు దగ్గర ఉన్నది ఎనిమిది వేల రూపాయలు. ఆ డబ్బుతో తెలుగులోకి వచ్చిన ఆఫ్రికా నవలలు నాలుగేసి కాపీల చొప్పున కొన్నాడు. చర్చి ఆవరణలో ఖాళీగా ఉన్న గదిని ఫాదర్ జోజప్ప ఇప్పించారు. ఆదివారం పూజ అయ్యాక జనం అక్కడ కూర్చుని ఒక నవల గురించి మాట్లాడుకోవాలి, పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్లి చదవాలి. ఇదీ అతని ఆలోచన.

గుంతకల్లుకు ఇది కొత్త. మొదటి వారం గది నిండిపోయింది. ఇప్పుడు నలుగురు వస్తున్నారు, వాళ్లలోనూ పుస్తకం తీసుకెళ్లేవాళ్లు లేరు. ఇలాగే ఉంటే వచ్చే నెల నుంచి గదిని కుట్టు శిక్షణకు ఇచ్చేస్తామని చర్చి పెద్దలు చెప్పేశారు.

ఓబుళేసు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఏ పనీ అరకొరగా చేసే రకం కాదు. ప్రతి నవలకూ గోడకు ఆనించే పెద్ద అట్ట ఒకటి తయారు చేశాడు. పైన దేశపటం, దాని కింద జనాభా, భాషలు, స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, కరువులు, యుద్ధాలు, తలసరి ఆదాయం. దాని ముందు నిలబడి గంటసేపు వివరించేవాడు. ఆఖర్న పుస్తకం పైకెత్తి చూపించి, ఇవన్నీ ఇందులో ఉన్నాయనేవాడు.

పోయిన వారం లింగమ్మ టీచరు మధ్యలోనే లేచి వెళ్తూ, "పరీక్ష ఎప్పుడు పెడతావప్పా?" అని అడిగింది. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఆ నవ్వు వారమంతా అతన్ని వదల్లేదు. ఈ ఆదివారం పెందలాడే ఫాదర్ ఇంటికి వెళ్లాడు, చంకలో కొత్త అట్టతో. ఫాదర్ చాలా ఏళ్లు ఉగాండాలో బడి నడిపి వచ్చిన మనిషి. ఇంటర్ తప్పి స్టేషన్ దగ్గర ఊరికే తిరుగుతున్న ఓబుళేసు చేతికి మొదటి నవల ఇచ్చింది ఆయనే.

ఆఫ్రికా అంటే ఇక్కడ ఎవరికీ పట్టదని ఓబుళేసు వాపోయాడు. ఈసారి ఉగాండా నవల పెట్టుకున్నానని చెప్పి, అట్టను గోడకు ఆనించాడు.

"ఇంకా ఏం చేర్చాలి ఫాదర్?"

ఫాదర్ అట్టను పైనుంచి కిందిదాకా చదివారు. "లోపలికి రా, చుట్టాలున్నారు" అన్నారు.

లోపల అకెల్లో అనే ఆవిడ టీ తాగుతోంది. ఉగాండాలో ఫాదర్ దగ్గర చదువుకుని, ఇప్పుడు అక్కడే పంతులమ్మగా ఉంది. బెంగళూరులో చదివే తమ్ముణ్ణి చూడటానికి వచ్చి, పాత గురువును పలకరించిపోదామని ఇటు వచ్చింది. ఓబుళేసు చేతులు జోడించాడు. ఫాదర్ అతని భుజమ్మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో పరిచయం చేశారు.

ఇతనిది ఈ జిల్లాలోనే ఒక పల్లె అన్నారు. దేశంలో వానలు బాగా తక్కువ పడే చోట్లలో ఇదొకటన్నారు. ఎండిపోయిన బోర్లు, అప్పులపాలైన రైతులు, ఊరు వదిలి బెంగళూరుకు కూలికి పోయే కుటుంబాలు, బడి మానేసిన పిల్లలు, అన్నీ వరసగా అంకెలతో సహా చెప్పారు. చెప్పి కూర్చున్నారు.

అకెల్లో ముఖం మారిపోయింది. కప్పు కింద పెట్టి, తన ముందున్న బిస్కెట్ల ప్లేటును నెమ్మదిగా ఓబుళేసు వైపు జరిపింది.

"ముందు మీరు తినండి."

ఓబుళేసు చెవులు వేడెక్కాయి. ఆ పొద్దున అతను రెండు ప్లేట్ల ఉగ్గాని, బజ్జీలు తిని వచ్చాడు. కడుపు నిండుగా ఉందని చెప్పినా ఆవిడ నమ్మలేదు. మీ అమ్మగారు ఉన్నారా, మీ ఇంట్లో తాగడానికి నీళ్లుంటాయా అని గొంతు తగ్గించి అడిగింది. అతను ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"నా పేరు ఓబుళేసు" అన్నాడు చివరికి. "మా ఇల్లు మీరనుకున్నట్టు ఉండదు మేడమ్. మా అవ్వా, ఆమె చెల్లెలూ ఒకే ఇంటి కోడళ్లు. రుబ్బురోలు ఎవరిదన్న తగవొచ్చి మాటలు మానేశారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా మా కుక్కకు చెబుతారు. 'ఒరే రాజా, ఉప్పు అయిపోయిందంట, చెప్పుపో' అంటుంది అవ్వ. చెల్లెలు పక్కనే కూర్చుని ఉంటుంది."

అకెల్లో పగలబడి నవ్వింది. వాళ్లమ్మా, మేనత్తా కోడిపెట్టతో మాట్లాడేవాళ్లట. ఆ పెట్టను పండక్కి కోశాక ఇద్దరూ ఏం చేయాలో తోచక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. అది చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. మధ్యలో ఎప్పుడు తీసుకున్నాడో, ఓబుళేసు చేతిలో బిస్కెట్టు ఉంది.

ఫాదర్ ఇటు తిరిగారు. "నేను చెప్పిన అంకెల్లో తప్పేమైనా ఉందా ఓబుళేసూ?"

ఎలా ఉంటుంది? అవన్నీ ఎప్పుడో అతనే ఆయనకు చెప్పినవి.

"లేదు ఫాదర్."

"మంచిది" అన్నారు ఆయన, అతని కప్పులో టీ పోస్తూ.

పూజ ముగిసింది. గదిలో ఆ నలుగురే ఉన్నారు. లింగమ్మ టీచరు గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది, మధ్యలో లేచి వెళ్లడానికి వీలుగా. ఓబుళేసు అట్టను గోడవైపు తిప్పి పెట్టి, తనూ ఒక కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చున్నాడు.

ఆ ఉగాండా నవలలో ఒక రేడియో కోసం ఇద్దరు అక్కచెల్లెళ్లు పోట్లాడుకుంటారు. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ చెప్పాలనిపించలేదు అతనికి.

మొదటి పేజీ తీసి, గొంతు సవరించుకున్నాడు.