చిలుకకు కుళ్లు పుట్టిన వేళ

అనగా అనగా ఒక రాజు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆ రాజు కీర్తి చూసి ఓర్వలేని మాంత్రికుడొకడు ఆయన పాదాలను రాయి చేసి పోయాడు. రాయి రోజురోజుకూ పైకి పాకుతోంది.

"గుండెదాకా వస్తే చస్తాను. నన్ను విడిపించినవాళ్లదే సింహాసనం!" అన్నాడు రాజు.

పెద్దవాడు కదల్లేదు. తను వెళ్తే తమ్ముడు గద్దె ఎక్కుతాడని వాడి కుళ్లు. "నిదానమే ప్రధానం" అన్నాడు.

రెండోవాడూ కదల్లేదు. "ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ముందు మాంత్రికుడు, వెనుక అన్నయ్య" అన్నాడు.

రాయి మోకాళ్లు దాటింది. కూతురు హేమలేఖ బయలుదేరింది.

"ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడు. వినలేదా?" అన్నారు అన్నలు.

"విన్నాను. మీరు తిరగక చెడుతున్నారుగా, నేను తిరిగి చూస్తాను."

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఆమెను వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

"ఆ మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉందమ్మా. పంజరం గడియ లోపలుంది. చిలుక తీస్తేనే వస్తుంది" అంది తాబేలు.

ఇద్దరూ ఇల్లు చేరేసరికి మాంత్రికుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. పంజరంలో చిలుక బంగారు గిన్నెలో దానిమ్మ గింజలు తింటోంది. హేమలేఖకు తన అన్నలు గుర్తొచ్చారు. ఎవరి పళ్లెంలో ఏమున్నా వాళ్ల కళ్లు ఎదుటి పళ్లెం మీదే. 'పొరుగింటి పుల్లకూర రుచి' అనుకుని, పెరట్లో పుల్లమామిడికాయ కోసి తాబేలుకు పెట్టింది.

"ఆహా!" అంది తాబేలు, మింగలేక కక్కలేక.

"ఏమిటది?" అంది చిలుక.

"నీకెందుకులే. నీకు దానిమ్మ ఉందిగా."

"ఆ డొప్పమొహం దానికి పెట్టి నాకు పెట్టవా?"

"ఒక్క ముక్కే మిగిలింది. అదీ దీనికే."

చిలుక ఇక ఆగలేకపోయింది. గడియ తీసి ఎగిరొచ్చి హేమలేఖ గుప్పిట్లో చిక్కింది. మాంత్రికుడు ఊపిరాడక తన మెడ పట్టుకుని లేచాడు, ఆమె చేతిలో చిలుకను చూసి వెంట నడిచాడు.

వచ్చేసరికి రాయి రాజు నడుము దాటింది. మాంత్రికుడు మంత్రం వేశాడు. రాయి మోకాళ్లదాకా దిగగానే రాజుకు ధైర్యమొచ్చింది.

"శభాష్ తల్లీ! కానీ అన్నలుండగా నీకు సింహాసనం అంటే..."

"మాంత్రికుడా, కాస్త ఆగు" అంది హేమలేఖ.

"నీదే తల్లీ, నీదే!" అన్నాడు రాజు.

రాయి పాదాలనూ వదిలింది. అన్నల మొహాలు మాడిపోయాయి.

హేమలేఖను పెళ్లాడతామని ముగ్గురు రాకుమారులు వచ్చారు. "నేను గద్దె మీద, మీరు పక్కన. కుళ్లు రాదా?" అని అడిగింది. మొదటివాడు రానే రాదన్నాడు. రెండోవాడు ఛీ ఛీ అన్నాడు.

"వస్తుంది. వచ్చినప్పుడు నీకే చెప్తాను" అన్నాడు మూడోవాడు.

హేమలేఖ అతన్నే పెళ్లాడి, జుట్టు నెరిసేదాకా రాజ్యం ఏలింది. అతను అప్పుడప్పుడూ వచ్చి చెప్పేవాడు. ఆమె వినేది.