అన్నీ టిక్కులే

ఆదివారం పొద్దున ఓబులేసు సైకిలెక్కి రాలేదు. దాన్ని నడిపించుకుంటూ దస్తగిరి సార్ ఇంటికి వచ్చాడు. సైకిలు ఆయనదే. హ్యాండిలుకు తగిలించిన సంచిలోని పుస్తకమూ ఆయనదే. రెండూ తిరిగి ఇచ్చేసి పోదామని వచ్చాడు.

దస్తగిరి సార్ ఒకప్పుడు ఓబులేసుకు చరిత్ర చెప్పిన పంతులు. ఆయన పాఠం చెప్పిన గదిలోనే ఇప్పుడు ఓబులేసు చెబుతున్నాడు. ఎనిమిది నెలల కిందట డాక్టరు ఓబులేసు రక్తపోటు చూసి, బడి తప్ప మరో ధ్యాస లేని మనిషికి మాత్రలు ఎంతని పనిచేస్తాయని కోప్పడితే, ఈ పెద్దాయనే తన ఆకుపచ్చ సైకిలునూ, కాలినడకన దేశం తిరిగిన ఒక బాటసారి రాసుకున్న పాత పుస్తకాన్నీ చేతికిచ్చాడు. రోజూ కాస్త తొక్కమన్నాడు, కాస్త చదవమన్నాడు. కాస్త అంటే ఎంతో చెప్పలేదు.

ఆ లోటును ఓబులేసు తానే పూడ్చాడు. రోజుకు తొమ్మిది కిలోమీటర్లు, పన్నెండు పేజీలు అని నోటుపుస్తకంలో గళ్ళు గీసుకున్నాడు. ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు. ముసురు పట్టిన వారంలో ముప్పై ఆరు కిలోమీటర్లు వెనకబడి, ఆ తర్వాత వారమంతా పిక్కలు పట్టేసి కుంటుతూ బడికి వెళ్ళాడు. దిద్దవలసిన జవాబుపత్రాల కట్టలు, ఫోనులో ఎక్కించవలసిన హాజరు, పదో తరగతి ఫలితాల మీద సమీక్షలు ఎలాగూ ఉన్నాయి. వాటి సరసన ఇదొకటి చేరింది. ఓబులేసు సారుది రెండు షిఫ్టుల ఉద్యోగమని లెక్కల టీచరు రాజ్యలక్ష్మి అందరినీ నవ్వించింది కూడా.

ఇదంతా ఓబులేసు అరుగు మీద కూర్చుని వరసగా చెప్పాడు. అసలు సంగతి చివరికి గాని బయటికి రాలేదు.

శుక్రవారం తొమ్మిదో తరగతిలో కోటల పాఠం. నాగరత్న అనే పిల్ల లేచి, మన గుట్ట మీద కోట కట్టిన కూలీలకు సెలవులుండేవా సార్ అని అడిగింది. సిలబస్‌లో లేదు, కూర్చోమన్నాడు. పిల్ల కూర్చుంది. మిగిలిన పీరియడంతా పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నేను మిమ్మల్ని అంతకన్నా వెర్రి ప్రశ్నలడిగినాను. మీరు ఒక్కనాడూ కూర్చోమనలేదు సార్," అన్నాడు ఓబులేసు. "ఈ వ్యాపకాలు మానేస్తే కనీసం బడిలోనైనా మనిషినవుతానేమో. ఇవి మీ దగ్గరే ఉండనీండి."

దస్తగిరి సార్ సంచిలోంచి పుస్తకం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని తెరిచాడు. రెండు పేజీలు తిప్పాడు, మరో నాలుగు తిప్పాడు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నాడని ఓబులేసుకు కాసేపటికి గాని తెలియలేదు.

ప్రతి పేరాకూ అంచున ఎర్ర సిరాతో ఒక టిక్కు ఉంది. ఒకచోట 'వివరణ చాలదు' అని ఉంది. ప్రతి అధ్యాయం చివరా పదికి ఇన్నని మార్కులు వేసి, చుట్టూ గీత చుట్టి ఉంది.

"ఒకచోట ఆధారమేదని అడిగినావు. అది బాగుంది, నేనైనా అడిగేవాణ్ణే. ఐదో అధ్యాయానికి మాత్రం నాలుగున్నరే వేసినావు గదప్పా. పాపం, ఆ బాటసారి బతికుంటే రీవాల్యుయేషన్‌కు పెట్టుకునేవాడు."

ఓబులేసు పుస్తకం లాక్కుని చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. చేతిలో పెన్ను ఉన్నట్టు కూడా తనకు తెలియదని, అలవాటు కొద్దీ పడి ఉంటాయని గొణిగాడు.

పెద్దాయన పుస్తకాన్ని మళ్ళీ సంచిలో వేసి, చెప్పులు తొడుక్కున్నాడు. "పద, గుట్టదాకా పోయొద్దాం."

దారి మిట్ట కావడంతో ఇద్దరూ సైకిలు నెట్టుకుంటూ నడిచారు. నాగరత్న ప్రశ్నకు జవాబేమిటని దారిలో ఓబులేసు అడిగాడు. తనకూ తెలియదన్నాడు దస్తగిరి సార్, ఆ తెలియకపోవడమే పెద్ద పండుగైనట్టు. ఆదివారం సెలవన్నది నిన్నమొన్నటి ముచ్చట. ఈ ఊరి మేస్త్రీలు అమావాస్యనాడు తాపీ ముట్టరు; ఎందుకని అడిగితే తాతలనాటి కట్టడి అంటారు. ఏ తాత అంటే చెప్పలేరు. ఇప్పటి ఆచారాన్ని పట్టుకుని అప్పటి సంగతి తేల్చకూడదు, అయినా వాళ్ళనడిగిన వాళ్ళు మాత్రం ఎవరున్నారని ఆయన పైదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళ మనిషికి ఆయాసమే రాలేదు.

కోట బురుజు దగ్గర సైకిలు దిగువకు తిప్పి, సీటెక్కాడు.

"వెనక కూర్చో."

తాను తొక్కుతానని ఓబులేసు ఎంత చెప్పినా ఆయన దిగలేదు. చివరికి నలభయ్యేళ్ళ ఉపాధ్యాయుడు క్యారియర్ మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. వాలు మొదలైంది. మలుపులో టీ కొట్టు వెంకటసామి గ్లాసు కడుగుతూ, సార్లిద్దరికీ సర్కారు ఒకే బండి ఇచ్చిందా అని కేకేశాడు. ఓబులేసు తలవంచుకున్నాడు.

తల వంచినందువల్ల కాబోలు, తన కిందనుంచే వస్తున్న ఆ చప్పుడు వినబడింది. సార్ పెడళ్ళ మీద పాదాలు కదలకుండా ఉన్నాయి. వెనక చక్రం నడుమ ఫ్రీవీలు తనంతట తాను పలుకుతోంది. టిక్ టిక్ టిక్ టిక్.

ఎనిమిది నెలలుగా ఈ సైకిలే తొక్కుతున్నాడు. ఈ వాలు మీదా పెడళ్ళు ఆపకుండా తొక్కాడు. ఈ చప్పుడు ఎన్నడూ వినలేదు.

దస్తగిరి సార్ తల కొంచెం పక్కకు తిప్పాడు.

"చూస్తివా, అన్నీ టిక్కులే. ఒక్కటీ నువ్వు పెట్టింది కాదు."

ఓబులేసుకు లోపలెక్కడినుంచో నవ్వు పొంగింది. సైకిలు వంకరపోయేంతగా నవ్వాడు. ముందున్న ఆయన కదలొద్దని తిడుతూనే తానూ నవ్వాడు. బోదగడ్డి ఊగింది, చింతచెట్లు దాటాయి, చొక్కాలు గాలికి ఉబ్బాయి.

వాలు ముగిసిన చోట సైకిలు తానే నెమ్మదించి ఆగింది. ఓబులేసు దిగి, అలవాటు చొప్పున జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. పెన్ను మూత విప్పి, నేటి గడి దగ్గర ఆగాడు. క్యారియర్ మీద వచ్చిన దూరాన్ని ఎలా వేసుకోవాలో తోచలేదు.

"రాసుకో," అన్నాడు దస్తగిరి సార్. "అయితే తొక్కినవాడి పేరు ఏమని రాస్తావు? బురుజు కాడినుంచి ఇక్కడిదాకా ఎవ్వరూ తొక్కలేదే."

ఓబులేసు వెనక్కి తిరిగి దారి వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు. నోటుపుస్తకాన్ని సంచిలో, ఎర్ర టిక్కుల పుస్తకం అడుగున వేశాడు. హ్యాండిలు పట్టుకుని సైకిలును మళ్ళీ గుట్టవైపు తిప్పాడు.

"ఈసారి మీరు వెనక కూర్చోవాలి సార్." నాలుగడుగులు వేశాక మళ్ళీ అడిగాడు: "అమావాస్య ఎప్పుడు? మేస్త్రీలు ఇళ్ళకాడ దొరికేది ఆరోజే కదా. నాగరత్ననూ, ఆ తరగతి పిల్లలనూ తోలుకుపోతాను."

దస్తగిరి సార్ పంచె ఎగగట్టి, క్యారియర్ మీద చెయ్యివేసి నెట్టాడు.