తొలి ఆకు మీద రాజముద్ర

ఒకానొక రాజ్యం కొత్తగా పుట్టింది. రాజ్యాలు పుడతాయా అని అడక్కండి, మూడేరుల సీమ అలాగే పుట్టింది. పరాయి చక్రవర్తికి కప్పం కట్టడం మానేసి, వాడి సైన్యాన్ని ఏరు దాటించి, మర్నాడు పొద్దున లేచి చూసుకుంటే జనానికి సొంత దేశం ఉంది. దానికో కట్టుబాటు మాత్రం లేదు.

"మనల్ని ఎవరు ఎలా ఏలాలో మనమే రాసుకుందాం" అనుకున్నారు. ఊరికొకరు చొప్పున తొంభై మందిని ఎన్నుకుని, రాజధానిలో ఖాళీగా పడి ఉన్న ఉప్పు కొట్టంలో కూర్చోబెట్టారు. కుమ్మరి, పురోహితుడు, చేపలు పట్టే ఆవిడ, అందరికీ ఒకటే చాప. మూడేళ్ళు వాదించుకున్నారు. ఏటి నీళ్ళ మీద హక్కు ఎవరిదనే ఒక్క ముక్క మీదే ఎనిమిది నెలలు పట్టింది. అరుచుకున్నారు, అలిగారు, మజ్జిగ తాగి మళ్ళీ మొదలెట్టారు. చివరికి మూడు వందల పన్నెండు నిబంధనల రాజ్యాంగం తేలింది.

దాన్ని తాటాకుల మీదికి ఎక్కించింది ఓబులక్క. సంతలో జనానికి ఒప్పంద పత్రాలు రాసిపెట్టే మనిషి. ఆమె గంటం ఎంత పదునో నాలుకా అంతే పదును.

ఇక రాజు ప్రచండవర్మ. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆయన కత్తి ఒరలో భద్రంగా ఉంది. గెలిచాక ఊరేగింపులో తళతళలాడింది. అయినా మనిషి చెడ్డవాడు కాదు, ఉండనిద్దామని సభే ఒప్పుకుంది. ఆయన ముద్ర పడితే రాజ్యాంగం అమల్లోకి వస్తుంది.

ఆయన ఏడో నిబంధన దగ్గర ఆగిపోయాడు. "సభ పిలిస్తే రాజైనా వచ్చి జవాబు చెప్పవలెను" అని ఉంది అక్కడ.

"పిలిస్తే రావడానికి నేనేమన్నా పెళ్ళిలో బాజాలు వాయించేవాణ్ణా? ఈ ఆకు తీసెయ్యండి. ఎల్లుండి ఉగాది. ఆలోగా తియ్యకపోతే ముద్రా లేదు, సభా లేదు. నా నోటిమాటే రాజ్యాంగం."

తొంభై మందీ డీలా పడ్డారు. సభకు పెద్ద సుంకన్న అనే ముసలి రైతు. ఆయన ఓబులక్కను పక్కకు పిలిచాడు.

"ఒక్కటే కదమ్మా, పోనిద్దాం. మూడేళ్ళ కష్టం నిలబడుతుంది."

"ఇల్లంతా కట్టి తలుపు మానేద్దామంటావా మామా?"

"మరేం చేద్దామంటావు?"

"ఆకు తీసేస్తాను" అంది ఓబులక్క. అన్నట్టే కట్టలోంచి ఏడో ఆకు లాగి, కొంగులో చుట్టుకుని కోటకు బయల్దేరింది. ఈ పిల్లకేమైనా మతి పోయిందా అన్నట్టు చూశాడు సుంకన్న.

కొలువులో రాజు మీసం దువ్వుకుంటూ అడిగాడు. "తీసేశావా? మంచి పని. ముద్ర ఎక్కడ వెయ్యాలి?"

"చివరి ఆకు మీద ప్రభూ. సభ్యులందరూ ముందే నిశానీలు పెట్టేశారు. నాగలి గుర్తు, చేప గుర్తు, కుండ గుర్తు, అన్నిటికన్నా కింద మంగలి కత్తి గుర్తు. దాని కింద రెండు వేళ్ళ చోటుంది. కాస్త ముడుచుకుంటే తమ సింహం పడుతుంది."

కొలువంతా దగ్గింది.

"మంగలి కత్తి కింద మా సింహమా? మొదటి ఆకు తల మీద వేస్తాను. అందరికన్నా పైన."

"ప్రభూ, తల మీద ముద్రంటే మా సంతలో ఒక పద్ధతి ఉంది..."

"సంత పద్ధతులు నాకు చెప్పకు."

"ఒక్క మాట వినండి."

"అర మాట కూడా వద్దు. ఉగాది నాడు జనమంతా చూస్తుండగా వేస్తాను. దండోరా వేయించండి."

"చిత్తం" అని దండం పెట్టింది ఓబులక్క. "రెండుసార్లు చెప్పబోయానని కొలువే సాక్షి."

ఉగాది నాడు కొట్టం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. రాజు మొదటి ఆకు తల మీద వేడి లక్క పోయించి, సింహం ముద్ర గట్టిగా నొక్కాడు. వెనకెక్కడో ఒక కాపరి కిసుక్కుమన్నాడు. ఆ వెంటనే మైదానమంతా నవ్వింది. సుంకన్నకు అప్పుడు వెలిగింది. ఆయన ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"ఎందుకు నవ్వుతున్నారు?" అని మంత్రిని మెల్లగా అడిగాడు రాజు.

మంత్రి ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ప్రభూ, మన సీమలో ఊరి పశువుల్ని మేపడానికి తోలుకెళ్ళేవాడు పత్రం తల మీద గుర్తు పెడతాడు. పశువులు ఎవరివో వాళ్ళు కింద పెడతారు. తల మీద గుర్తున్నవాడు, కింద గుర్తున్నవాళ్ళు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి జవాబు చెప్పాలి."

"ఇది అందరికీ తెలుసా?"

"చంటిపిల్లలకు తప్ప."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"అడిగితే తప్ప సలహా ఇవ్వొద్దని తమ ఆజ్ఞ."

రాజు ఓబులక్క వైపు తిరిగాడు. ఆమె తొణకలేదు.

"ఏడో నిబంధన ఉండి ఉంటే సభంతా కలిసి పిలిస్తేనే రావాల్సి వచ్చేది ప్రభూ. ఇప్పుడు తొంభై మందిలో ఏ ఒక్కరు పిలిచినా రావాలి."

"ముద్ర చెరిపేస్తే?"

"చెరపొచ్చు. పశువుల్ని తోలుకెళ్ళనని చెప్పినట్టు. జనం ఇంకో కాపరిని చూసుకుంటారు."

నవ్వులు ఆగిపోయాయి. రాజు చెయ్యి ముద్ర దగ్గరే ఉంది. మూడేళ్ళ వాదన ఆ వేళ్ళ కింద ఉంది.

"ఒకటి చెప్పు" అన్నాడాయన. "ఎలాంటివాడికి ఇస్తారు పశువుల్ని?"

"నమ్మినవాడికి. నమ్మనివాణ్ణి పత్రం ముట్టుకోనివ్వరు. ఇందాక తమరు ముద్ర వేస్తుంటే ఇంతమందిలో ఒక్కరైనా అడ్డొచ్చారా?"

రాజు జనాన్ని చూశాడు. ముద్రను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మంగలి కత్తి కిందైనా బుద్ధిగా వేసుకున్నాను కాను. ఏం కావాలో కోరుకో ఓబులక్కా."

ఆమె కొంగులోంచి ఏడో ఆకు తీసింది. "దీన్ని మళ్ళీ కట్టలో పెట్టనివ్వండి."

"ఇంకెందుకు? ఎటూ ఇరుక్కున్నానుగా."

"తమరు ఇరుక్కున్నారు. తమ తర్వాతి రాజుకు సంత పద్ధతి ముందే తెలిసి ముద్ర కింద వేస్తే? అలవాటును నమ్ముకుని దేశాన్ని వదిలెయ్యలేం ప్రభూ. రాసి ఉండాలి."

రాజు చేతి కడియం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పెట్టు. ఇంకో మాట కూడా చేర్చు. సభ పిలిస్తే రాజు పల్లకీలో రాకూడదు, నడిచి రావాలి."

"అదెందుకు ప్రభూ?"

"దారిలో జవాబు ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది."

సుంకన్న లేచి "అందరికీ సమ్మతమేనా?" అని అడిగాడు. మైదానమంతా చేతులు లేచాయి. మూడేరుల సీమ రాజ్యాంగం అలా అమల్లోకి వచ్చింది.

సభ ఆ మధ్యాహ్నమే రాజును మొదటిసారి పిలిచింది, ఉగాది పచ్చడి తిని పొమ్మని. ఆయన నడిచే వచ్చాడు.